అత్తమ్మ ఖాతా

మనిషిని బల్ల మీద పడుకోబెట్టి "ఊపిరి బిగపట్టండి" అనడం, బొమ్మ పడ్డాక "ఇక వదలండి" అనడం. నా ఉద్యోగ జీవితమంతా కలిపి చూస్తే ఈ రెండు మాటలే. కోవిల్‌పట్టిలో పొద్దున్నే రైలెక్కి విరుదునగరంలో దిగి, ఒక ప్రైవేటు స్కాన్ సెంటరులో సాయంత్రం దాకా ఇవే మాటలు తమిళంలో చెప్పి, మళ్ళీ రైలెక్కి ఇంటికొచ్చేవాణ్ణి. చూపు ఆనడం లేదని ఈమధ్యే మానుకున్నాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇంటికొచ్చి "మీ అనుభవం చెప్పండి సార్" అంటారు. మిషన్ల గురించి చెబుతానని వాళ్ళ ఆశ. మిషన్లు వాళ్ళకే నాకంటే బాగా తెలుసు. బొమ్మ తీశాక అది ఎక్కడికి పోతుంది, మళ్ళీ కావాలంటే ఎవరి కాళ్ళు పట్టుకోవాలి అన్నది మాత్రం నేను చెప్పగలను.

నేను చేరిన కొత్తలో ఫిల్ము ఉండేది. చీకటి గదిలో కడిగి, ఆరబెట్టి, పెద్ద కవరులో పెట్టి మనిషి చేతికిచ్చేవాళ్ళం. అంతటితో మా బాధ్యత తీరేది. దాన్ని ట్రంకు పెట్టెలో దాచుకుంటారో, పిల్లలు దాంతో గ్రహణం చూస్తారో వాళ్ళిష్టం. ఏళ్ళ తర్వాత కూడా కొందరు ఆ కవరు పట్టుకుని వచ్చేవారు. చెమ్మ మరకలుండేవి, బొద్దింకలు కొరికిన అంచులుండేవి, బొమ్మ మాత్రం ఉండేది. తర్వాత ఫిల్ము పోయింది. కాగితం మీద నాలుగు బొమ్మలు అచ్చువేసి ఇచ్చి, మొత్తం బొమ్మలకు ఫోనుకొక లింకు పంపడం వచ్చింది. ఆ లింకు నెల రోజులే బతుకుతుంది. ఆ సంగతి మెసేజు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మా వైపు అది ఎవరూ చదవరు. నిజం చెప్పాలంటే నేనూ చదవలేదు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు సెంటరు ముందు వరస వీధి మలుపు దాకా ఉండేది. అందరికీ ఛాతీ స్కానే. ఒక్కో మనిషికి కొన్ని వందల బొమ్మలు. కంప్యూటరు నిండింది, విడిగా పెట్టుకున్న హార్డ్ డిస్కు నిండింది, క్లౌడులో కొనుక్కున్న కాస్త చోటూ నిండింది. ఇంకా చోటు కొనమని మా డాక్టరును అడిగాం. సెంటరు ఆయనదే. చెడ్డవాడు కాదు. ఏ సంగతైనా "వచ్చే నెల చూద్దాం" అంటాడు, అంతే. రోగాలు మాత్రం వచ్చే నెల దాకా ఆగేవి కావు.

దారి కనిపెట్టింది మా కంప్యూటరు ఆపరేటరు. అరుప్పుక్కోటలో మరమగ్గాలున్న ఇంటి కోడలు. మగ్గాల చప్పుడులో మాట్లాడి అలవాటై ఆఫీసులో కూడా కేకలేసినట్టే మాట్లాడేది. ఆమెదీ నాదీ ఇంట్లో తెలుగే, బయట తమిళమే. ఆమెకు తెలుగు చదవడం రాదు. నేను కూడా ఈ అక్షరాలు తల నెరిశాక నేర్చుకున్నవాణ్ణే. ఆమె ఉపాయం ఏమిటంటే, ఉచితంగా ఇచ్చే ఖాతాలు తెరవడం. ఒకటి నిండితే ఇంకొకటి. కాని ఖాతాకు ఫోను నంబరు కావాలి, ఒకే నంబరు మీద కొన్నిటికి మించి ఒప్పుకోదు. సెంటరులో అందరి నంబర్లూ అయిపోయాయి. ఆ తర్వాత మా ఇళ్ళల్లో ఆడవాళ్ళ నంబర్లు మొదలుపెట్టాం. ఏప్రిల్ ఛాతీలు నా భార్య పేరున, మే ఛాతీలు ఆపరేటరు అత్తగారి పేరున. ఆ ఇద్దరికీ ఈ సంగతి ఒక్క ముక్క తెలియదు.

ఇక తాళం మాట. బయటివాళ్ళు ఊహించలేని మాట ఒకటి కావాలి. మాకు ఆ కష్టం లేకపోయింది. తమిళ దేశంలో మా ఇంటిపేర్లు ఏ కాగితంలోనూ ఉండవు, తండ్రి పేరు మొదటి అక్షరంతోనే బతుకు గడిచిపోతుంది. ఇంటిపేరు పెళ్ళి మాటలప్పుడు పెద్దవాళ్ళు అడిగితేనే బయటికొస్తుంది. అందుకని ఏ ఇంటి ఖాతాకు ఆ ఇంటిపేరే తాళం. దొంగలు తల కిందులుగా తపస్సు చేసినా దొరకదని మా ఆపరేటరు గర్వపడేది.

ఆ పద్ధతి మాకు ఎంత అలవాటైపోయిందంటే, "ఫలానా పేషెంటు బొమ్మ ఎక్కడ?" అంటే "అత్తమ్మలో ఉండాడు సార్" అనేది ఆమె. కొత్తగా విన్నవాళ్ళు అదోలా చూసేవారు.

వాడకుండా వదిలేసిన ఉచిత ఖాతాను రెండేళ్ళు దాటితే కంపెనీవాళ్ళు తుడిచేస్తారని తర్వాత తెలిసింది. దానికీ ఆమే ఒక ఆచారం పెట్టింది. ఏటా ఆయుధ పూజ నాడు మిషనుకు, కంప్యూటరుకు గంధం కుంకుమ పెట్టి, దీపం వెలిగించి, ఒక్కో ఖాతానూ ఒకసారి తెరిచి మూసేది. "లేపి పడుకోబెడితిని" అని చేతులు దులుపుకొని, బొరుగులు శనగలు పంచేది. డాక్టరు కూడా చెప్పులు విప్పి నిలబడేవాడు.

ఒక ఎండాకాలం ఆమె అత్తగారు పోయింది. పదహారో రోజు కరుమాది, అంటే కర్మకాండ, అయ్యాక ఆమె ఫోనును ఫోటో పక్కన పెట్టారు. ఎవరూ రీచార్జి చేయలేదు. పోయిన మనిషి నంబరుకు డబ్బు వేస్తే ఆమెను పోనియ్యకుండా కట్టేసినట్టు అవుతుందని ఆ ఇంట్లో పెద్దల మాట. ఆ ఏడు ఆయుధ పూజకు మిగతా ఖాతాలన్నీ తెరిచి అత్తమ్మ ఖాతా దగ్గర ఆపరేటరు చెయ్యి ఆపేసింది. "ఏడాది తిరగలేదు సార్. ఆమె పేరు పెట్టి దీపం ముందర ఏదీ తెరవకూడదు" అంది. నేనూ సరేనన్నాను. మా ఇంట్లోనైనా అంతే చేసేవాళ్ళం. ఆ వానల్లోనే పిడుగుపాటుకు పాత కంప్యూటరు కాలిపోయింది. కొత్తది వచ్చింది. అత్తమ్మను అందరం మరిచిపోయాం.

మరుసటి ఏడు ఆయుధ పూజ ఇంకో వారంలో ఉందనగా ఒకాయన వచ్చాడు. మా కోవిల్‌పట్టి వైపు పల్లెలో మొక్కజొన్న, మినుము వేసే రైతు. నా వయసువాడే. తెల్లటి పంచె, తలకు తువ్వాలు. కౌంటరు దగ్గర తమిళంలో మొదలుపెట్టి, నేను ఆపరేటరుతో తెలుగులో ఏదో అనడం విని నా వైపు తిరిగాడు.

"అన్నా, తెలుగోళ్ళా మీరు? మంచిదాయె. దగ్గు నిలవలేదని మదురకు పోతిని. ఊపిరితిత్తిలో ఒక మచ్చ ఉండాది అన్నాడు డాక్టరు. ముందర ఎప్పుడన్నా స్కాను తీస్తిరా అన్నాడు. కరోనాలో విరుదునగరంలో తీస్తిమి అంటిని. ఆ బొమ్మ పట్టుకురా, మచ్చ అప్పుడూ ఇంతే ఉంటే బయం లేదు, అప్పుడు లేకుండా ఇప్పుడు వచ్చిందంటే ఎదురుచూసే పని లేదు, కోసి తీసేయాల్సిందే అన్నాడు. వచ్చే వారమే చేరమన్నాడు."

"రిపోర్టు ఉందా?"

ఉంది. మడతలు పడి చిరిగిన కాగితం. ఆ రోజుల్లో రిపోర్టులు రాసే డాక్టర్లకు ఊపిరి తీసుకునే తీరిక లేదు. కరోనా ఎంత పాకిందో రెండు ముక్కల్లో రాసి వదిలేశారు. మచ్చ ఉందనీ లేదు, లేదనీ లేదు. ఎవరినీ తప్పుపట్టలేం. ఇక బొమ్మలు చూడాల్సిందే. తేదీ చూశాను. మే నెల.

"అత్తమ్మలో ఉండాడు సార్" అంది ఆపరేటరు, ఈసారి చిన్న గొంతుతో.

కొత్త కంప్యూటరులో ఇంటిపేరు కొట్టింది. తాళం సరిపోయింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఈ యంత్రం మాకు కొత్త, ఖాతా మీదేనని నమ్మకం కోసం మీ ఫోనుకు ఒక ఓటీపీ నంబరు పంపాం, అది ఇక్కడ కొట్టండి అని తెర మీద వచ్చింది. ఆ ఫోను ఫోటో పక్కన దండ కింద ఉంది. దాంట్లో సిమ్ము ఎప్పుడో చచ్చిపోయింది. ఆపరేటరు వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. ఆ ఖాతాను చివరిసారి తెరిచింది రెండు పూజల కిందట. ఈ పూజ దాటితే ఎప్పుడైనా తుడిచేస్తారు. కుర్చీ వెనక్కి జరిపి నా వైపు చూసింది.

రైతుకు ఇదంతా నేనే విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఆయన ఓపికగా విన్నాడు.

"అంటే నా బొమ్మను మబ్బులో పెట్టినారా? అన్నా, మా రేగడి బూమిలో మబ్బును నమ్మినోడు ఎవుడన్నా బాగుపడినాడా?" అన్నాడు. నవ్వుదామనుకున్నాడు గాని దగ్గు వచ్చింది. "వాన పడే కాలం. పడిందంటే విత్తనం వేయాల. నన్ను కోస్తే ఎవురు వేసేది?"

అత్తమ్మ పాత నంబరుకే ఫోను చేసి చూద్దామన్నాను. మోగింది. రీచార్జి చేయని నంబర్లను కొన్నాళ్ళకు కంపెనీ ఇంకొకరికి అమ్మేస్తుంది కదా, ఎవరో ఒక ఆడమనిషి తమిళంలో పలికింది. ఆపరేటరు గడగడా సంగతి చెప్పి, "అక్కా, మీ ఫోనుకు ఒక నంబరు వచ్చింది, చదవండి" అంది. అవతలామె, "నంబరు ఎవరికీ చెప్పవద్దని ఫోను చేసిన ప్రతిసారీ రికార్డు పెట్టి మొత్తుకుంటున్నారు. మీలాంటివాళ్ళ కోసమే" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే తిట్టింది. మూడోసారి రైతే ఫోను తీసుకున్నాడు. బతిమాలలేదు, తమిళంలోనే నెమ్మదిగా మాట్లాడాడు. "అమ్మా, నేను రోగిని. నువ్వు చెప్పవద్దు. ఏ ఊరో చెప్పు, నేనే వస్తా" అన్నాడు. ఆమె "తిరుచ్చుళి బస్టాండు పక్కన నా ఇడ్లీ అంగడి. నిజమైన మనుషులైతే రండి" అంది.

డాక్టరు తన ల్యాప్‌టాపు ఇవ్వడానికి వచ్చే నెల చూద్దాం అనలేదు, అది మాత్రం మెచ్చుకోవాలి. రోగి బొమ్మలు ఇలా బస్సుల్లో తిప్పడం ఏ పద్ధతిలోనూ లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నేను, ఆపరేటరు, రైతు ముగ్గురం అరుప్పుక్కోట మీదుగా బస్సులో పోయాం. నేను దారంతా విసుక్కుంటూనే ఉన్నాను. మనిషి ఛాతీలో ఉన్నది మనిషికి చూపించడానికి ముక్కూ ముఖం తెలియని ఆమె ఫోను కావాల్సి వచ్చిందే అని.

అంగడంటే రేకుల పందిరి, రెండు బల్లలు. నడివయసు మనిషి, చేతులకు పిండి. మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసింది. మేం తమిళంలోనే మొదలుపెట్టాం. ఆమె కరగలేదు. అప్పుడు రైతు బల్ల మీద కూలబడి, ఆపరేటరుతో తెలుగులో, "పోదాం పాపా, ఈయమ్మ తప్పు లేదు. నేనైనా ఇట్లనే చేసుందును" అన్నాడు.

ఆమె చెయ్యి ఆగింది. "తెలుగోళ్ళా? ముందరే చెప్పేదానికి ఏమి?"

మా మొహాలు వెలిగాయి. ఆమె అది చూసింది. "నిలవండి, నిలవండి. తెలుగోళ్ళైతే మోసం చెయ్యరా ఏమి? మా చిన్నాయన తెలుగోడే, మా బూమిని వాడే తిన్నాడు." ఆపరేటరు వైపు తిరిగింది. "ఈ నంబరు ముందర ఎవురిది?"

"మా అత్తమ్మది. పోయింది."

"ఎట్ల నమ్మేది?" అని గొంతు తగ్గించింది. "ఈ నంబరు వచ్చిన కొత్తల్లో, దీపావళి పొద్దున, ఎవురో ఫోను చేసి 'అమ్మా' అని ఏడ్చింది. తెలుగులో. నేను ఎవురు అంటే పలకలేదు. రోంత సేపు ఏడ్చి పెట్టేసింది. అది ఎవురు?"

ఆపరేటరు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మా ఆడబిడ్డ అయ్యుండాల. తిరుత్తంగల్‌లో ఉండాది. ఆ నంబరు ఇంకొకరికి పోయిందని దానికి తెలీదు. నంబరుకు డబ్బు వేయకూడదు అని పెద్దోళ్ళతో చేరి అందరికంటే గట్టిగా అనింది అదే. ఫోను చేసిన సంగతి మాతో చెప్పనే లేదే."

నా విసుగంతా ఎక్కడికో పోయింది. ఆ ఆడబిడ్డను నేను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా ఆ పొద్దున ఆమె ఒంటరిగా ఆ నంబరు నొక్కడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ దుఃఖం వస్తుంది.

అంగడి అక్క చేతులు కడుక్కుంది. ఫోను తెచ్చింది. "నంబరు నేను చెప్పను. చెప్పకూడదు అన్నారు. నొక్కకూడదు అని ఎవురూ అనలేదు. ఆ డబ్బా ఇట్ల తిప్పండి." మా ముగ్గురినీ పక్కకు తిరగమని, ఫోనులో చూసుకుంటూ, పిండి ఆరని వేలితో ఒక్కో అంకె తనే నొక్కింది.

అత్తమ్మ తలుపు తెరిచింది.

ఇల్లలకగానే పండగ కాదు. ఆపరేటరు ఫోనులోంచి వచ్చే నెట్టుతో ఆ బొమ్మలన్నీ దిగేసరికి మాకు ఇడ్లీలూ అయ్యాయి, కాఫీలూ అయ్యాయి. మధ్యలో అక్క తెర మీద ఆ వరసలు చూసి, "ఇవన్నీ ఏమి?" అంది.

"మనుషులక్కా. కరోనాలో వచ్చినవాళ్ళు."

"ఇంతమందా? అందరూ బతికుండారా?"

"అందరూ కాదు."

ఆమె కొంగుతో ల్యాప్‌టాపు అంచు మీద పడిన పిండి తుడిచింది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పే నీతి ఒకటుంది. బొమ్మలో ఏం కనబడినా రోగికి చెప్పేది మనం కాదు, డాక్టరు. మన ముఖం కూడా చెప్పకూడదు. ఆ అంగడి రోజు దాకా నేను ఆ పట్టు ఒక్కరోజు కూడా తప్పలేదు. సొంత మేనమామ గుండె బొమ్మ తీసినప్పుడు కూడా "ఇక వదలండి" అనే అన్నాను. ఆ రోజు పాత బొమ్మలు ఒక పక్క, రైతు వెంట తెచ్చిన మదురవాళ్ళ సీడీ బొమ్మలు ఒక పక్క పెట్టి ఒక్కొక్కటే కిందికి జరుపుకుంటూ పోయాను. మెడ, గూడ ఎముకలు, ఊపిరితిత్తి పై భాగం. కరోనా తాలూకు తెల్లటి మసక. ఆ మసక పక్కన, కొంచెం ఎడంగా, చిన్న గుండ్రటి మచ్చ. కొలిచాను. కొత్తదాంట్లో కొలిచాను. మళ్ళీ మొదటిదాంట్లో కొలిచాను.

రైతు నా వెనక నిలబడి ఉన్నాడు. ఆయన ఊపిరి వినబడటం లేదు. బిగపట్టమని ఎవరూ చెప్పలేదు.

"ఉందా లేదా? నోరు తెరువు అన్నా" అంది అంగడి అక్క.

"ఉంది" అన్నాను. "అప్పుడూ ఉంది."

ఆమె "అయ్యో సామీ" అని చెంప మీద చెయ్యి వేసుకుంది. ఆపరేటరు తల వంచుకుంది. రైతు మాత్రం నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"ఎంత ఉంది?"

"ఇప్పుడున్నంతే. ఆవగింజంత కూడా పెరగలేదు. డాక్టరు చూసి చెప్పాలి, నేను చెప్పకూడదు. పాతదైతే మంచిది. ఇక ఊపిరి వదలండి."

వదిలాడు. తర్వాత బల్ల మీద కూర్చుని తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. మదుర డాక్టరు కూడా అదే అన్నాడు: కోయనవసరం లేదు, ఏడాదికోసారి చూపించుకోండి, దగ్గుకు వేరే మందు. ఆ వారంలోనే వాన పడింది. ఆయన విత్తనం వేశాడు.

లోపలికి పోయాక ఫోను నంబరు మార్చేయవచ్చు కదా అంటారు మీరు. మేమూ అదే అనుకున్నాం, ఆ అంగట్లోనే. ఎవరిది పెట్టాలి? మా ఇద్దరి నంబర్లూ నిండిపోయాయి, రోగి నంబరు పెట్టడం తగదు. ఇంకెవరి ఇంటి ఆడవాళ్ళ పేరో వెతుకుదామంటే అక్క అడ్డుపడింది. "ఉండనీ. నేను నెలనెలా డబ్బు వేస్తానే ఉండా. ఏడాదికి ఒకసారి కదా, వచ్చి పోండి." డాక్టరు ఒక హార్డ్ డిస్కు కొన్నాడు. అత్తమ్మనంతా అందులోకి దించాలని. అది ఇంకా డబ్బాలోనే ఉందని విన్నాను.

నేను మానుకున్నాక వచ్చిన మొదటి ఆయుధ పూజ ఈ మధ్యే అయింది. ఇంట్లో కత్తిపీటకూ నా పాత సైకిలుకూ బొట్లు పెట్టాం. పొద్దు వాలాక ఫోను మోగింది. అంగడి అక్క.

"అన్నా, ఈ ఏడాది నంబరు రాలేదే. పొద్దుట్నుంచి ఫోను పక్కనే పెట్టుకొని ఉండా. లోపల ఉండేవాళ్ళంతా బాగుండారా?"

విచారించి చెబుతానని సెంటరుకు ఫోను చేశాను. ఆపరేటరు ఉద్యోగం మారి వేరే ఊరు పోయిందట. కొత్తగా వచ్చినవాడు మర్యాదగానే మాట్లాడాడు. "అత్తమ్మను తెరిచారా?" అని అడిగాను.

"ఏ అత్తమ్మ సార్?" అన్నాడు.

అక్కకు మళ్ళీ ఫోను చేశాను. తాళం మాట నాకు గుర్తే ఉంది, నేనే తెరుస్తానని, ఈ ఒక్కసారికి నంబరు ఫోనులో చదవమని అడిగాను.

"నువ్వయినా సరే, చెప్పకూడదన్నా" అంది. "వచ్చి పో. ఇడ్లీ పెడతా."

పక్కింటివాళ్ళ ల్యాప్‌టాపు అడిగి తీసుకున్నాను. మరుసటి పొద్దున రైలెక్కి విరుదునగరంలో దిగి, బస్సులు మారి, నడుం నొప్పితో తిరుచ్చుళి చేరాను. లోపల ఉండేవాళ్ళంతా బాగుండారా అన్న ఆమె మాటే దారంతా నాతో వచ్చింది. అంగడి ముందర, ఎండలో, ఫోను చేతిలో పట్టుకుని ఆమె నిలబడి ఉంది.